ఇద్దరు అమ్మలు, ఇద్దరు పిల్లలు: సరిహద్దులో ఏ ఊళ్ళో ఇల్లు చూసుకోవాలి?

"సారు ఏం చేస్తుంటారమ్మా?"

అద్దె ఇల్లు అడగడానికి వెళ్తే మాకు మొదట ఎదురయ్యే ప్రశ్న ఇదే. తెలుగులో విన్నాం, మరాఠీలో విన్నాం, ఒడియాలో విన్నాం. "సారు లేరండీ. మేమిద్దరం, పిల్లలిద్దరూ" అని చెప్పాక ఓనరు ఏం అడుగుతాడన్నదాన్నిబట్టి సగం ఊరు అర్థమైపోతుంది. పర్లాకిమిడిలో అడిగింది, "ఎవరి అమ్మాయివి నువ్వు?" అని. చంద్రపూర్‌లో, "ఉద్యోగం పర్మనెంటేనా?" బరంపురంలో, "మూడు నెలల అడ్వాన్సు, ఓకేనా?"

నాది ఆంధ్రా సరిహద్దులో, ఒడిశా వైపున్న పర్లాకిమిడి. నా సహచరిది మహారాష్ట్రలో చంద్రపూర్ పక్కనున్న బల్లార్షా, వాళ్ళ తాత కరీంనగర్ వైపు నుంచి బొగ్గుబావిలో పనికి వెళ్ళి అక్కడే ఉండిపోయాడు. మేమిద్దరం ఏడేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం. పెద్దదానికి తొమ్మిదేళ్ళు, ఆమె పెళ్ళిలో పుట్టిన బిడ్డ. చిన్నవాడికి నాలుగేళ్ళు, ఒంటరి మహిళగా నేను దత్తత తీసుకున్నాను. ఈ ఏడేళ్ళలో ఏడాదిన్నర మా ఊళ్ళో, రెండేళ్ళు ఆమె వైపు చంద్రపూర్‌లో, మిగతాది ఒడిశాలోని బరంపురంలో గడిచింది. మధ్యలో ధర్మాబాద్ దాకా ఇళ్ళు చూసొచ్చాం. మాలాంటి జంటలు "మీకు ఏ ఊరు బాగుంది?" అని అడుగుతుంటారు. ఒక్క ముక్కలో చెప్పలేక ఇలా రాస్తున్నాను.

## పిల్లలు లేనప్పటి లెక్క వేరు

పిల్లలు లేకపోతే ఈ సరిహద్దు జిల్లాల్లో ఇద్దరు ఆడవాళ్ళు కలిసి బతకడం బయటివాళ్ళు అనుకున్నంత కష్టం కాదు. అక్కాచెల్లెళ్ళనుకుంటారు, ఒకే చోట పనిచేసే టీచరమ్మలనుకుంటారు. తెలిసినవాళ్ళు తెలియనట్టు ఉంటారు. పేరు పెట్టి పిలవనంత కాలం మన ఊళ్ళలో చాలా చెల్లిపోతాయి. దాన్ని నేను చిన్నచూపు చూడను. ఆ నీడలోనే మేం మొదట్లో బతికాం.

పిల్లలు వచ్చాక ఆ నీడ చాలదు. నాలుగేళ్ళవాడు బస్సులో పక్కసీటావిడకి "మా ఇంట్లో అమ్మా ఉంది, ఆయీ ఉంది" అని తనే చెప్పేస్తాడు. బడిలో "మా కుటుంబం" అని బొమ్మ వెయ్యమంటారు. అందుకే ఊరు చూసేటప్పుడు నా మొదటి ప్రశ్న మమ్మల్ని రానిస్తారా అన్నది కాదు. మా పిల్ల నిజం చెబితే దానికి ఏమవుతుంది అన్నది.

మాటల సంగతి కూడా చెప్పాలి. ఆయి అంటే మరాఠీలో అమ్మ. ఆమె ఆయి, నేను అమ్మ. రెండు భాషల మధ్య పెరగడం వల్ల మా పిల్లలకి ఇద్దరు తల్లులకీ రెండు సొంత మాటలు దొరికాయి. ఎవరూ ఎవరికీ రెండో అమ్మ కానక్కర్లేదు. వీధిలో ఇబ్బంది అనిపిస్తే "పిన్ని" ఉండనే ఉంది. తెలుగులో పిన్ని అంటే తల్లి చెల్లెలూ కావచ్చు, తండ్రి రెండో భార్యా కావచ్చు. వినేవాళ్ళు తమకి నచ్చినట్టు అర్థం చేసుకుంటారు. ఇద్దరు నాన్నల ఇంట్లో "బాబాయి" అదే పని చేస్తుంది.

ఆ ప్రశ్న తరవాత ఇల్లు, బడి, ఆసుపత్రి, బంధువులు ఎంత దూరంలో ఉన్నారు, మనలాంటి వాళ్ళని కలవాలంటే ఎంత దూరం వెళ్ళాలి అన్నవి చూస్తాను. బంధువుల విషయంలో దగ్గర మంచిదో దూరం మంచిదో మీ ఇంటి సంగతి మీకే తెలియాలి.

## చట్టం ఒక్కటే, కౌంటర్లు వేరు

ఏ ఊరికి వెళ్ళినా మారనివి ముందు చెబుతాను. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377 సెక్షన్ మీద ఇచ్చిన తీర్పుతో ఇద్దరు పెద్దవాళ్ళు ఇష్టపడి కలిసి ఉండటం నేరం కాకుండా పోయింది. 2023 అక్టోబరు 17న స్వలింగ వివాహాల మీద, సుప్రియో కేసులో వచ్చిన తీర్పు పెళ్ళి హక్కు ఇవ్వలేదు. పెళ్ళి కాని జంట కలిసి దత్తత తీసుకోవడం కూడా కుదరదని 3–2 మెజారిటీతో తేల్చింది. ఆ కేసు వేసింది హైదరాబాద్ జంట. అంటే ఏ రాష్ట్రంలో ఉన్నా, కాగితం మీద మా పిల్లలకి తలా ఒక్క తల్లే.

ఒంటరి మనిషిగా దత్తతకి దారి ఉంది. ఆడవాళ్ళు అబ్బాయినైనా అమ్మాయినైనా తీసుకోవచ్చు. ఒంటరి మగవాడికి అమ్మాయిని ఇవ్వరు. 2021 సరొగసీ చట్టం మనలాంటి జంటలకి తలుపు మూసేసింది. అదే ఏడాది వచ్చిన ఏఆర్‌టీ (కృత్రిమ గర్భధారణ) చట్టం కింద పెళ్ళి కాని స్త్రీ కూడా దాత వీర్యంతో బిడ్డని కనొచ్చు, వయసు హద్దుల్లో ఉంటే. పెళ్ళి కాని తల్లి సంరక్షకత్వం కోసం తండ్రి పేరు చెప్పి తీరాల్సిన పనిలేదని సుప్రీంకోర్టు 2015లోనే చెప్పింది. బడి గుమాస్తాలకి ఈ సంగతి మీరే చెప్పాల్సి వస్తుంది.

2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ ఒక వివరణ ఇచ్చింది: మనలాంటి జంటలు జాయింట్ అకౌంటు తెరవడానికీ, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికీ అడ్డు లేదు. రేషన్ కార్డులో ఇద్దరినీ ఒకే కుటుంబంగా చూడమని రాష్ట్రాలకి సూచన కూడా వెళ్ళింది. కౌంటర్లో ఉన్నాయనకి అది చేరి ఉంటుందని ఆశ పెట్టుకోకండి. ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకోండి.

(సరిహద్దు అంటేనే ఇదొక వింత. చంద్రపూర్ జిల్లా జీవతి తాలూకాలో, కోరాపుట్ జిల్లా కొఠియా దగ్గర రెండేసి రాష్ట్రాలు మావంటే మావనే పల్లెలున్నాయి. అక్కడ ఒకే ఇంటికి రెండు రాష్ట్రాల కార్డులున్నా ఎవరూ ఆశ్చర్యపోరు. ఇద్దరు తల్లులుంటే మాత్రం ఆశ్చర్యపోతారు.)

వీలునామా ఇద్దరూ రాయండి. పిల్లల్ని ఎవరు చూసుకోవాలో అందులో స్పష్టంగా ఉండాలి. ఆఖరి మాట కోర్టుదే, అయినా మీ రాత అక్కడ మీ తరఫున మాట్లాడుతుంది. మునుపటి పెళ్ళిలో పుట్టిన బిడ్డ ఉంటే ఇంకో జాగ్రత్త: తండ్రి బతికి ఉంటే ఆయన హక్కు మన వీలునామాతో పోదు. కస్టడీ కేసు సాధారణంగా బిడ్డ ఉంటున్న చోటి కోర్టుకే వెళ్తుంది కాబట్టి, రాష్ట్రం మారేముందు కస్టడీ ఉత్తర్వు చేతిలో ఉండాలి. మాకు అది రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఆ ఉత్తర్వు వచ్చేదాకా చంద్రపూర్ నుంచి కదల్లేదు.

## సొంత ఊరు: పర్లాకిమిడి, సిరొంచ లాంటివి

పర్లాకిమిడి నుంచి పాతపట్నం ఎంతో దూరం కాదు. మహేంద్రతనయ దాటితే ఆంధ్రా. ఇంట్లో తెలుగు, ఆఫీసులో ఒడియా, బజార్లో రెండూ. ఊరు అందంగా ఉంటుంది, అద్దె తక్కువ, అమ్మ చేతి వంట దొరుకుతుంది. ఎవరైనా మా జోలికి వస్తే "ఆ మేష్టారి మనవరాలు" అని అడ్డుపడేవాళ్ళు పదిమంది ఉంటారు.

చిక్కు కూడా అక్కడే. "ఎవరి అమ్మాయివి" అన్న ప్రశ్నకి జవాబు ఉన్నంత కాలం మీరు ఆ జవాబుకి కట్టుబడి ఉండాలి. మా ఆమెని మా అమ్మ కూతురిలా చూసుకుంది, కానీ పేరంటానికి పిలిచిన ప్రతిసారీ "స్నేహితురాలు, పాపం భర్త వదిలేశాడు" అని పరిచయం చేసేది. ఆ "పాపం" నీడలోనే ఏడాదిన్నర గడిచింది. పెద్దదాన్ని అప్పుడే ఒక చిన్న బడిలో వేశాం. ఒకరోజు క్లాసులో ఇంట్లో ఎవరెవరున్నారో చెప్పమంటే అది చెప్పింది. మర్నాడు నన్ను పిలిపించి, చాలా మర్యాదగా, "మీరు రాకండి, తల్లి ఒక్కరే వస్తే బాగుంటుంది" అన్నారు. ఎవరూ తిట్టలేదు. మూడున్నరేళ్ళ పిల్ల మాత్రం ఆ వారం నుంచి నన్ను బయట "మేడమ్" అని పిలవడం మొదలుపెట్టింది. ఎవరు నేర్పారో ఇప్పటికీ తెలియదు.

ఇక్కడ ఒక పిడకలవేట. వాడుకభాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది, సవర భాష నేర్చుకుంది ఈ పర్లాకిమిడిలోనే. 1936లో ఊరు ఒడిశాలో కలిసినప్పుడు ఆయన రాజమండ్రి వెళ్ళిపోయారు. అలాంటి ఊళ్ళో పుట్టి, మా ఇంటిని చెప్పడానికి వాడుకలో ఒక మంచి మాట లేక అవస్థపడ్డాను. "స్వలింగ జంట" అంటే సైన్సు పుస్తకంలోంచి ఊడిపడ్డట్టు ఉంటుంది. "గే", "లెస్బియన్" అంటే టీవీ మాటలు. మా అమ్మ చివరికి "వాళ్ళిద్దరూ ఒకటి" అంది. అంతకన్నా బాగా నేనూ చెప్పలేను.

సిరొంచ గురించి ఆమె చుట్టాల మాటల్లో విన్నదే ఎక్కువ. ప్రాణహిత గోదావరిలో కలిసేది అక్కడే, ఎదురుగా కాళేశ్వరం, తెలుగు ఇంటిభాష. కానీ జిల్లా కేంద్రం గడ్చిరోలి చాలా దూరం. పిల్లలకి పెద్ద జబ్బు చేస్తే వంతెన దాటి తెలంగాణ వైపు పరుగెత్తాలి. సొంతవాళ్ళు గట్టిగా నిలబడే కుటుంబమైతే తప్ప మనకి కాదు.

## కంపెనీ టౌన్‌షిప్

సునాబేడలో హెచ్‌ఏఎల్ విమాన ఇంజన్ల ఫ్యాక్టరీ, దమన్‌జోడిలో నాల్కో అల్యూమినా ఫ్యాక్టరీ, రాయగడ పక్కన జేకేపూర్‌లో కాగితం మిల్లు, బల్లార్షాలో కాగితం మిల్లు, దాని చుట్టుపక్కల బొగ్గు గనుల కాలనీలు. పైకి చూస్తే టౌన్‌షిప్ మంచి ఎంపిక: నలుగురూ నాలుగు రాష్ట్రాలవాళ్ళు, ఎవరి కులగోత్రాలూ ఎవరికీ అక్కర్లేదు, గేటు దగ్గర సెక్యూరిటీ, పిల్లలు ఆడుకోవడానికి మైదానం.

కానీ టౌన్‌షిప్ అంటే జాబితాల ఊరు. క్వార్టరు ఉద్యోగి పేరు మీద. వైద్యం డిపెండెంట్ల జాబితాలో ఉన్నవాళ్ళకి. ఆ జాబితాలో భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు ఉంటారు. మన రెండోమనిషి "అతిథి". రాయగడ వైపు మాకు తెలిసిన ఇద్దరు మగవాళ్ళున్నారు. ఒకరి అన్న చనిపోతే ఆ అన్న కొడుకుని పెంచుకుంటున్నారు. ఫ్యాక్టరీ ఉద్యోగం ఒకరిది. క్వార్టరు వచ్చింది, తీసుకోలేదు. మజ్జి గౌరమ్మ గుడి దారిలో బయటే అద్దెకున్నారు. "లోపలుంటే ప్రతి ఏడాదీ ఫారం నింపేటప్పుడు నేను ఎవరినో రాయాలి. ఇక్కడ ఆ బాధ లేదు" అన్నాడు రెండో ఆయన. వాళ్ళకి అద్దె దొరకడానికి మాత్రం పదకొండు ఇళ్ళు తిరగాల్సి వచ్చింది. ఇద్దరు మగవాళ్ళంటే "బ్యాచిలర్స్‌కి ఇవ్వం", పిల్లాడు ఉన్నాడంటే "తల్లి లేని పిల్లాడా, మీకెందుకిచ్చారు?"

ఉద్యోగం అక్కడే అయితే టౌన్‌షిప్‌ని బడికీ మైదానానికీ వాడుకోండి, ఇల్లు బయట తీసుకోండి.

## చంద్రపూర్–బల్లార్షా

ఎండ సంగతి ముందే చెప్పేస్తాను. దేశంలో అత్యంత వేడి ఊళ్ళ లెక్క తీస్తే చంద్రపూర్ పేరు తరచూ ఉంటుంది. థర్మల్ స్టేషను, గనులు, దుమ్ము. పెద్దదానికి ఆయాసం అక్కడే మొదలైంది. మేం ఊరు వదలడానికి కారణం మనుషులు కాదు, గాలి.

మనుషుల సంగతికొస్తే, మేం తిరిగిన ఊళ్ళన్నిట్లో మమ్మల్ని ముఖాముఖి అడిగిన ఊరు ఇదొక్కటే. పక్కింటావిడ, రిటైరైన నర్సు, రెండో వారంలో గోడ మీంచి అడిగింది: "మీరిద్దరూ జోడీనా?" మా ఆమె ఒక్క క్షణం ఆగి "అవునక్కా" అంది. "సరే, పిల్లకి పోహా పెట్టనా?" అంది ఆవిడ. అంతే. వాళ్ళింట్లో అంబేడ్కర్ ఫొటో ఉంటుంది. 1956 అక్టోబరులో నాగ్‌పూర్ తరవాత రెండు రోజులకి ఆయన చంద్రపూర్‌లోనూ వేలమందికి బౌద్ధ దీక్ష ఇచ్చారు. అవమానం అంటే ఏమిటో ఆ ఇళ్ళకి మనకన్నా బాగా తెలుసు, హక్కు అన్న మాట వాళ్ళకి కొత్త కాదు. అందరూ అలాగే ఉంటారని చెప్పను. ఆ వీధిలోనే మా పిల్లని పుట్టినరోజుకి పిలవని ఇళ్ళు మూడున్నాయి. కానీ అడిగేవాళ్ళు ఉన్న ఊళ్ళో జవాబు చెప్పే వీలుంటుంది. పెద్దది ఆ రెండేళ్ళలో ఎవరడిగినా "నాకు అమ్మా ఆయీ ఉన్నారు" అని తలెత్తి చెప్పేది.

మహారాష్ట్రలో ఇంకో సౌకర్యం అద్దె ఒప్పందం. అక్కడి అద్దె చట్టం ప్రకారం లీవ్ అండ్ లైసెన్స్ ఒప్పందం రాతపూర్వకంగా, రిజిస్టరై ఉండాలి. ఓనర్లు నోటరీతో సరిపెట్టాలని చూస్తారు, ఒప్పుకోకండి. ఇద్దరి పేర్లతో రిజిస్టరైన ఆ కాగితమే మేం కలిసి ఉంటున్నామన్నదానికి మా దగ్గర ఉన్న మొదటి ప్రభుత్వ రుజువు. బ్యాంకులోనూ, బడిలోనూ పనికొచ్చింది.

ఇబ్బంది పేర్లతో వస్తుంది. తెలుగువాళ్ళకి ఇంటిపేరు ముందు, తండ్రి పేరు కనపడదు. మరాఠీ పద్ధతిలో పిల్ల పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు వరసగా పలుకుతారు. హాజరు పిలిచిన ప్రతిసారీ మధ్యలో తండ్రి పేరు ఉండాలి. మా పిల్లకి మధ్యలో ఏం పెట్టాలన్నది ఒక నెల చర్చ. చివరికి ఆయి పేరే పెట్టాం. 2024 మే 1 తరవాత పుట్టిన పిల్లలకి పేరు పక్కనే తల్లి పేరు రాయాలని మహారాష్ట్ర నియమం తెచ్చింది, తరవాత తండ్రి పేరు, ఇంటిపేరు. చంటిపిల్లలున్నవాళ్ళకి ఆ వరసలో తల్లి పేరు ఇక వింతగా వినిపించదు. బడిలో మరాఠీ తప్పనిసరి అని గుర్తుంచుకోండి. ఇంట్లో తెలుగు నేర్పే పని మీదే.

నాగ్‌పూర్ దాదాపు 150 కిలోమీటర్లు. అక్కడ మనలాంటి వాళ్ళ కోసం పనిచేసే సారథి ట్రస్ట్ ఉంది, ప్రైడ్ యాత్ర జరుగుతుంది. మా పిల్ల తనలాంటి ఇంకో ఇంటి పిల్లని మొదటిసారి చూసింది నాగ్‌పూర్‌లో ఒక పార్కులో. ఇద్దరూ దాని గురించి ఒక్క మాట మాట్లాడుకోలేదు. ఉయ్యాల కోసం కొట్టుకున్నారు.

## ధర్మాబాద్ గురించి రెండు మాటలు

నాందేడ్ జిల్లాలో తెలుగు బాగా వినిపించే ఊరు, బాసర పక్కనే. ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు చిన్నవాడికి అక్షరాభ్యాసం చేయించాం. "తల్లిదండ్రులు కూర్చోండి" అన్నారు పంతులుగారు. ఇద్దరం కూర్చున్నాం. ఆయన చూశారు, వెనక వరస చూశారు, గోత్రం అడిగి కానిచ్చేశారు. ఆ రద్దీయే మా పాలిట వరం. కానీ ఊరు చిన్నది, ఉద్యోగాలు తక్కువ, పర్లాకిమిడిలో ఉన్న చిక్కులన్నీ అక్కడా ఉన్నాయి, అమ్మ ఒక్కతే లేదు. వద్దనుకున్నాం.

## బరంపురం

ఇప్పుడున్నది ఇక్కడే. 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఊరు, వి.వి. గిరి పుట్టిన ఊరు, పట్టుచీరల ఊరు. తెలుగు మాట్లాడితే వింతగా చూడరు. ఎంకేసీజీ మెడికల్ కాలేజీ ఉంది. హౌరా–చెన్నై లైను మీద ఉంది కాబట్టి ఇటు భువనేశ్వర్, అటు విశాఖ, రెండూ ఒక పూటలో చేరేవే. ఐసర్ (కేంద్ర సైన్సు విద్యాసంస్థ), యూనివర్సిటీ, మెడికల్ కాలేజీల వల్ల బయటినుంచి వచ్చి అద్దెకుండేవాళ్ళు ఎక్కువ. ఇద్దరు ఆడవాళ్ళు ఇల్లు అడిగితే ఓనరు కళ్ళు అడ్వాన్సు మీదే ఉంటాయి. ఒప్పందం మామూలుగా పదకొండు నెలలది, ఒకరి పేరు మీదే రాస్తామంటారు. ఇద్దరి పేర్లూ రాయించుకోవడానికి రెండు నెలల అద్దె ఎక్కువ అడ్వాన్సు కట్టాను. దండగ కాదు.

రెండేళ్ళకోసారి ఠాకురాణి యాత్ర. దాదాపు నెల్లాళ్ళు ఊరు ఊరంతా రోడ్డు మీదే. దేవాంగుల ఇళ్ళ నుంచి మొదలయ్యే పండగ కాబట్టి మన తెలుగువాళ్ళకి అందులో పెద్దపీట. మొక్కున్నవాళ్ళు రకరకాల వేషాలు కట్టుకుని తిరుగుతారు. "ఇంత వింత చూసే ఊరు మనల్ని ఎందుకు కాదంటుంది?" అని మొదటి ఏడాది నేను మురిసిపోయాను. అది తొందరపాటు. వేషం నెలలో విప్పేస్తారు, మనం విప్పం కదా.

బరంపురంలో ఎవరూ ఏమీ అడగరు. మూడేళ్ళయింది, కింది వాటాలో ఉన్న ఒడియా కుటుంబం మా పిల్లల్ని తమ ఇంట్లో అన్నం తిననిస్తుంది, మా ఇద్దరిలో ఎవరికి ఒంట్లో బాలేకపోయినా మందులు తెస్తుంది. మేం ఎవరమన్నది మాత్రం నోటి నుంచి రాదు. బడిలో ప్రిన్సిపాల్‌తో ముందే మాట్లాడాం. "ఫారంలో తల్లి, గార్డియన్ అని రాయండి, మిగతాది నేను చూసుకుంటా" అన్నారు. చూసుకుంటున్నారు కూడా. కానీ క్లాసులో అది "ఆంటీ వచ్చింది" అయిపోయింది. చంద్రపూర్‌లో తలెత్తి చెప్పిన పిల్ల ఇక్కడ భుజాలెగరేసి ఊరుకుంటోంది. దెబ్బ తగలదు. కానీ ఏదో తగ్గుతోందని మాకు తెలుస్తోంది.

| చూడాల్సింది | సొంత చిన్న ఊరు | టౌన్‌షిప్ | చంద్రపూర్–బల్లార్షా | బరంపురం |
|---|---|---|---|---|
| ఇల్లు | సులువు, అద్దె తక్కువ | క్వార్టరు ఒకరి పేరు మీదే | ఇద్దరి పేర్లతో రిజిస్ట్రేషన్ కుదురుతుంది | దొరుకుతుంది, పేర్ల కోసం బేరం |
| ఇరుగుపొరుగు | అందరికీ తెలుసు, ఎవరూ అనరు | పట్టించుకోరు, ఆఫీసులో మాత్రం గుసగుసలు | మొహం మీదే అడుగుతారు | అడగరు |
| బడి | ఎంపిక లేదు | మంచిది, ఫారాలు గట్టివి | మరాఠీ, తండ్రి పేరు చిక్కు | ఎంపిక ఉంది, మాట్లాడి ఒప్పించాలి |
| ఆసుపత్రి | చిన్నది | జాబితాలో ఉన్నవాళ్ళకి | మెడికల్ కాలేజీ, నాగ్‌పూర్ | మెడికల్ కాలేజీ, విశాఖ |
| మనలాంటి వాళ్ళు | దాదాపు లేరు | ఉన్నా బయటపడరు | నాగ్‌పూర్‌లో | భువనేశ్వర్‌లో |
| గాలి, ఎండ | బాగుంటుంది | సునాబేడ చల్లన | కష్టం | ఉక్కపోత, భరించొచ్చు |

## మరి పెద్ద నగరానికే పోతే?

హైదరాబాద్‌లో 2013 నుంచి ప్రైడ్ నడక ఉంది, మనలాంటి తల్లిదండ్రుల్ని కలవడం తేలిక. మీ ఉద్యోగం ఎక్కడినుంచైనా చేసేదైతే, ఊళ్ళో మిమ్మల్ని పట్టి ఉంచే పెద్దవాళ్ళు లేకపోతే, వెళ్ళిపోండి, నేను ఆపను. మా విషయంలో మా అమ్మ ఒక్కతే ఉంది, మా ఆమె వాళ్ళ నాన్నకి డయాలసిస్. నగరం అద్దె ఇద్దరి జీతాల్లో సగం తినేస్తుంది. సొంతవాళ్ళకి దగ్గరగా ఉండి, నగరాన్ని నెలకోసారి వాడుకోవడం మా లెక్క. తమ గురించి ఇంట్లో పెద్దలకి చెప్పాల్సినవాళ్ళకి "స్వీకార్" అనే, మనలాంటి బిడ్డల తల్లిదండ్రుల బృందం ఉంది, 2017 నుంచి పనిచేస్తోంది; మా అమ్మ వాళ్ళ ఒక సమావేశంలో కూర్చున్నాక "పాపం" అనడం మానేసింది.

## ఎవరికి ఏది

ఐదేళ్ళలోపు పిల్లలుంటే నేను బరంపురం లాంటి ఊరే చెబుతాను. ఆ వయసులో ఆసుపత్రి, అమ్మమ్మ, దయగల కింది వాటా ముఖ్యం. ఎనిమిది దాటాక లెక్క తిరగబడుతుంది. పిల్లలు తమ ఇంటి సంగతి తమ నోటితో చెప్పుకోవాల్సిన వయసు అది. అప్పుడు అడిగే ఊరు కావాలి, అడగని ఊరు కాదు.

ఇద్దరు నాన్నలైతే చిన్న ఊరు వదిలేయండి. ఒకరి అక్కో అమ్మో అదే ఇంట్లో ఉంటే తప్ప ఇల్లు, బడి రెండూ రోజూ యుద్ధమే. రాయగడ మిత్రులు నెగ్గుకొస్తున్నారంటే పిల్లాడు అన్న కొడుకు కావడం వల్ల. "బాబాయిలు పెంచుతున్నారు" అంటే ఊరు కరిగిపోతుంది. దత్తత పిల్లాడైతే ఆ సౌకర్యం ఉండదు.

జంటలో ఒకరు ట్రాన్స్ అయితే మీ దారి వేరు. కాగితాల్లో ఒకరు పురుషుడు, ఒకరు స్త్రీ అయితే ఇప్పుడున్న చట్టాల కిందే పెళ్ళి చేసుకోవచ్చని 2023 తీర్పే చెప్పింది. ఒడిశా హైకోర్టు 2020లో ఒక ట్రాన్స్ పురుషుడికి తన సహచరితో కలిసి బతికే హక్కుందని చెప్పింది. ఆ రాష్ట్రంలో ట్రాన్స్ వ్యక్తుల కోసం స్వీకృతి పథకం కూడా ఉంది. కాగితాల లెక్కలో ఒడిశా వైపే మొగ్గు.

మునుపటి భర్తో భార్యో కస్టడీ కోసం కాచుకుని ఉంటే, ఊరి గొడవ తరవాత. ముందు లాయరు.

## ఖాయం చేసుకునే ముందు

ఊరికి వెళ్ళి బడి ఆఫీసులో ఖాళీ అడ్మిషన్ ఫారం ఒకటి అడగండి. "తండ్రి పేరు" పక్కన తప్పనిసరి అని చెప్పే చుక్క గుర్తు ఉందా చూడండి. ఉంటే ఖాళీ వదిలితే ఏమవుతుందని గుమాస్తాని అడగండి. ప్రిన్సిపాల్ జవాబు కన్నా గుమాస్తా జవాబు నమ్మదగింది. పిల్లని తీసుకెళ్ళడానికి ఇద్దరి ఫొటోలూ కార్డు మీద వేస్తారా కనుక్కోండి. ఆసుపత్రిలో అర్ధరాత్రి సంతకం ఎవరు పెట్టొచ్చో చిన్న పని మీద వెళ్ళినప్పుడే అడిగేయండి, అవసరం పడినప్పుడు కాదు. దత్తత ఉత్తర్వు, కస్టడీ ఉత్తర్వు, బర్త్ సర్టిఫికెట్ కాపీలు ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి. పిల్లని వెంటేసుకుని సంతకి వెళ్ళండి, దాన్ని మాట్లాడనివ్వండి, వినండి.

కుదిరితే ఆ ఊరి చెడ్డ నెలలో ఉండి చూడండి. ఈ మే నెలలో మేం మళ్ళీ చంద్రపూర్ వెళ్తున్నాం, ఇరవై రోజులకి. పెద్దదానికి ఆయాసం రాకపోతే అప్పుడు ఆలోచిస్తాం. నర్సక్క మేడమీద గది ఖాళీ చేయించి ఉంచుతానంది. పిల్ల అప్పుడే పాత మరాఠీ వాచకం బయటికి తీసింది. నేను డాక్టరుని అడిగి ఇన్‌హేలర్లు రెండు ఎక్కువ రాయించుకున్నాను, కూలరు అద్దెకి ఎంతో కనుక్కుంటున్నాను.